అక్క మాట లేనివి

మా అమ్మాయి ఇల్లు, మూడో అంతస్తు
జూన్ మొదటి వారం

చెల్లీ,

ఈ కోడిగీతలు చూసి ఎవరో పసిపిల్ల రాసిందనుకోకు. నేనే. మణికట్టుకి కట్టు విప్పారు. చేతికి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి రోజూ ఒక పేజీ రాయమంది. ఏం రాయాలమ్మా అంటే, ఎవరికైనా ఉత్తరం రాయండి అంది. తీరిగ్గా తిట్టడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? నువ్వూ ఉత్తరమే రాయి. ఫోన్లో అయితే మనిద్దరికీ మూడో మాటకే గొడవ.

ముందు మన పళ్ళ ల్యాబ్ సంగతులు చెప్పు. నేను జారిపడ్డ చోట రబ్బరు పట్టా వేశారా? ప్లాస్టర్ బాబాయి పళ్ళ అచ్చులు పోసేటప్పుడు బుడగలు లేకుండా తడుతున్నాడా, పెద్దది లేదు కదా అని వదిలేస్తున్నాడా? అన్నిటికంటే ముఖ్యం, ముందు పళ్ళు ఎవరు చేస్తున్నారు? దవడ పన్ను ఎవరైనా చేస్తారు, నోరు తెరిచి ఎవరూ చూడబోరు. ముందు పన్ను అలా కాదు, పక్క పన్నుతో కలిసిపోవాలి. పింగాణీ పొడి తడిపి, బ్రష్‌తో పొర మీద పొర వేసి, ఫర్నెస్‌లో కాల్చి తీస్తే, దాని సొంత మనిషి కూడా ఏది నిజందో ఏది పెట్టుడుదో చెప్పలేకపోవాలి. అది నేర్పితే వచ్చేది కాదు.

కొత్తమ్మాయిని పెట్టావట. మా అమ్మాయి చెబితే తెలిసింది. పిన్ని నీతో చెప్పలేదా అమ్మా అని అది ఆశ్చర్యపోయింది, నేను నవ్వేశాను. ఆ పిల్ల నా కుర్చీలో కూర్చుంటోందా? ఊరికే అడిగాను.

పనులన్నీ ఏదో యాప్‌లోకి ఎక్కించారని కూడా విన్నాను. మరి ట్రేలకి నేను పెట్టే క్లిప్పులు ఏమయ్యాయి? ఎర్రది అర్జెంటు, పసుపుది షేడ్, అదే పంటి రంగు, తేలనిది, పచ్చది ఫర్నెస్‌కి. ఇప్పుడు అవేవీ అక్కర్లేదట, ఫిల్టర్లు ఉన్నాయట. కాఫీ ఫిల్టర్ తప్ప ఇంకో ఫిల్టర్ ఉంటుందని నాకు తెలియదు.

నీ అక్క


ల్యాబ్, ఆఫీసు గది
జూన్ రెండో వారం

అక్కా,

నీ ఉత్తరం ల్యాబ్‌లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. బాబాయి తన బుడగల ప్రస్తావన రాగానే లేచి వెళ్ళిపోయాడు. రబ్బరు పట్టా వేశాం.

కొత్తమ్మాయి సంగతి చెప్పనిది, చెబితే కట్టుతోనే బస్సెక్కి వచ్చేస్తావని. కాదంటావా? అవును, నీ కుర్చీలోనే కూర్చుంటోంది. కిటికీ వెలుగు అక్కడే పడుతుంది, షేడ్ చూడాలంటే ఇంకెక్కడ కూర్చోవాలి? అడిగే కూర్చుంది పాపం.

ఇక ఫిల్టర్ల సంగతి. ఇప్పుడు మన దగ్గరికొచ్చే ప్రతి పన్నూ ఫోన్లో ఒక టాస్క్. ఎవరు చేస్తున్నారు, ఏ దశలో ఉంది, ఏ షేడు, డాక్టరుకి ఎప్పుడివ్వాలి, ఇవన్నీ దాని మీద ఉంటాయి. ఫిల్టరంటే మనం పెట్టే షరతు. పింగాణీ దశలో ఉండి, రేపటిలోగా ఇవ్వాల్సినవి మాత్రమే చూపించు అంటే అవే చూపిస్తుంది. మిగతావి ఎక్కడికీ పోవు. ఉంటాయి, కనిపించవు, అంతే. ఆ అమ్మాయి వచ్చీ రాగానే 'ఇవాళ ఫర్నెస్‌కి', 'షేడ్ తేలనివి', 'తిరిగొచ్చినవి' అని మూడు పెట్టేసింది. ఇదివరకు పొద్దున్నే అందరూ నీ చుట్టూ మూగేవాళ్ళు, అక్కా ముందు ఏది చెయ్యమంటారు అని. ఇప్పుడు తలుపు తీయగానే ఎవరి పని వాళ్ళు మొదలుపెడుతున్నారు. ల్యాబ్‌లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

నీకూ ఒక అకౌంట్ పెట్టించాను. ప్రతి పనీ చూడొచ్చు, కింద కామెంట్ రాయొచ్చు. పొద్దుపోతుంది.

నీ చెల్లి


మా అమ్మాయి ఇల్లు
జూన్ చివర

చెల్లీ,

పొద్దుపోతుందట! నేనేదో పార్కులో బెంచీ మీద ముసలమ్మనైనట్టు.

నీ యాప్ చూశాను. మా అమ్మాయి ఒకసారి చూపించింది, రెండోసారి విసుక్కుంది, మూడోసారి నేనే నేర్చుకున్నాను. షరతులు పెట్టడం పెద్ద విద్యేం కాదు. ఇదీ అదీ రెండూ ఉండాలి, ఇదైనా అదైనా ఉంటే చాలు, ఇది ఉండకూడదు. ఇంతేగా? అత్తవారింట్లో మనం నెగ్గుకొచ్చింది ఈ మూడు షరతులతోనే.

నేను కూడా సొంతంగా ఒకటి పెట్టుకున్నాను, అలవాటు కావడం కోసం. చేసింది కొత్తమ్మాయి అయి ఉండాలి, డాక్టరు తిప్పి పంపినది అయి ఉండాలి. పెట్టి రోజూ పొద్దున లేవగానే తెరుస్తున్నాను. 'ఇక్కడ ఏమీ లేవు, హాయిగా ఉండండి' అని పువ్వుల బొమ్మ చూపిస్తుంది. ఆ పువ్వులు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళ నా చేతిలో కూడా ఎప్పుడో ఒకటి తిరిగొచ్చేది. ఈ వడపోతలమ్మ చేతిలో ఒక్కటైనా రాదా? డాక్టర్లు మొహమాటపడుతున్నారేమో, కనుక్కో.

అన్నిటి కిందా నాకు తోచింది రాస్తున్నాను. అంచు పలచగా ఉంచమన్నాను, షేడ్ సాయంత్రం వెలుగులో చూడొద్దన్నాను, మూలసందు డాక్టరు కొలతలు ఎప్పుడూ కాస్త వదులుగా ఉంటాయన్నాను. అనుభవంతో చెప్పేది చెవిలో వేసుకుంటే వాళ్ళకే మంచిది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా!

నీ అక్క


ల్యాబ్, ఆఫీసు గది
జూలై

అక్కా,

కోప్పడనంటే ఒకటి చెబుతాను. కోప్పడతావు, అయినా చెబుతాను.

కామెంట్లు తగ్గించు. నువ్వొకటి రాస్తే ఇక్కడ అందరి ఫోన్లూ మోగుతున్నాయి. మైనం చెక్కే అతను నిన్న ఉలిక్కిపడి చేస్తున్న పన్ను కింద పడేశాడు. నువ్వు రాసింది చేయాలో, డాక్టరు రాసింది చేయాలో తెలియక సగం మంది చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. అందుకని కొత్తమ్మాయి చేత ఒక మార్పు చేయించాను. పని ఫిల్టర్లన్నిటికీ 'అక్క మాట లేనివి' అని ఒక షరతు కలిపింది. అంటే నువ్వు కామెంట్ రాసినవి బెంచీ మీద పని చేసేవాళ్ళకి కనిపించవు, విడిగా నా దగ్గరికి వస్తాయి. నేను రోజూ సాయంత్రం తెరిచి, నీ మాట చదివి, ఏం చేయాలో చెప్పి, మళ్ళీ వాళ్ళకి వదులుతాను. నీ మాట గాలికి పోకూడదనే ఈ ఏర్పాటు.

తిరిగొచ్చినవి నిజంగానే లేవక్కా. మొహమాటం కాదు. మూలసందు డాక్టరు పోయిన వారం ఒక ముందు పన్ను చూసి, మీ అక్కగారు వచ్చేశారా, ఇది ఆవిడ చేతి పనే కదా అన్నాడు. కాదు, కొత్తమ్మాయి చేసింది అన్నాను. నోరెళ్ళబెట్టాడు. ఫొటో యాప్‌లో ఉంది, చూడు. నీకు సంతోషంగా ఉంటుంది.

చేయి ఎలా ఉంది? ఆ విషయం ఎప్పుడూ రాయవేం?

నీ చెల్లి


మా అమ్మాయి ఇల్లు
జూలై

చెల్లీ,

నువ్వు చెప్పింది నిజమే. నేనే అతి చేశాను. ఇక వేలు పెట్టను.

ఫొటో చూశాను. బాగుంది. పన్ను చివర ఆ నీలపు ఛాయ, మధ్యలో కనీకనపడని ఆ చిన్న పగులు గీత, పక్క పన్నులో ఉన్నట్టే దించింది. నేనైతే ఆ గీత వేసేదాన్ని కాదు. నాకు తోచేది కాదు.

పిల్లకి ప్రోత్సాహం కావాలి కదా. ఇక నుంచి విమర్శలు మాని, నచ్చిన పని కింద 'బాగుంది' అని ఒక్క మాట రాస్తాను, అంతే. దానికి అభ్యంతరం లేదుగా? చేయి బాగానే ఉంది. నువ్వు రోజూ సాయంత్రం తెరిచి చూస్తున్నావు కాబట్టి నాకు బెంగ లేదు.

నీ అక్క


ల్యాబ్, ఆఫీసు గది
ఆగస్టు

అక్కా,

ఇక్కడ కొంప మునిగింది.

కొత్తమ్మాయి పనులు వరసగా ఆలస్యమవుతున్నాయి. మొదట ఒకటి, తర్వాత ఇంకోటి. ఏదోలే అనుకున్నాను. మొన్న గోరుచుట్టు మీద రోకలిపోటయింది. ఒక టీచరమ్మకి ముందు పన్ను చేయాలి, ఆవిడ కొత్త బడిలో చేరే రోజు ముందుగానే చెప్పి, ఆ రోజే పెట్టించుకునేలా ఖాయం చేసుకుంది. ఆ పొద్దున క్లినిక్‌కి వెళితే పన్ను రాలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుని, చివరికి అలాగే బడికి వెళ్ళిందట. పిల్లల ముందు మొదటి రోజే నోటికి చెయ్యడ్డంతోనే పాఠం చెప్పిందట. మూలసందు డాక్టరు ఫోన్లో తిట్టిన తిట్లు నీకు రాయలేను.

నాకు ఒళ్ళు తెలియలేదు. అందరి ముందూ ఆ పిల్లని నిలబెట్టి కడిగేశాను. "నా ఫోన్లో ఆ పని లేదు మేడమ్" అంది. "లేకపోతే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?" అన్నాను. బాబాయి వెళ్ళి అలమరలోంచి ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాడు. అచ్చూ ఉంది, కొలతా ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఆ పిల్ల ఏడవలేదు. తల కూడా దించలేదు. అది చూసి నాకు ఇంకా మండింది.

ఈ నెలాఖరుతో మానెయ్యమన్నాను. నువ్వు అన్నది నిజమే, కొత్త ఒక వింత. ఇంక నువ్వు వచ్చెయ్ అక్కా. నీ కుర్చీ తుడిపించి పెడతాను.

నీ చెల్లి


మా అమ్మాయి ఇల్లు
ఆగస్టు

చెల్లీ,

అంత తొందరెందుకే? పెళ్ళిచూపులకి వచ్చినవాడు కూడా ఇంకాస్త ఆలోచించుకుంటాడు. పిల్లని మానెయ్యమనడం ఏమిటి? పని తెలిసిన పిల్ల. ఒకటి రెండు ఆలస్యాలకే ఉద్యోగం తీసేస్తే రేపు నీ దగ్గర ఎవరు చేరతారు? నేను ఇప్పుడప్పుడే రాలేను. మా అమ్మాయికి ఇక్కడ పనులున్నాయి, అల్లుడు ఊళ్ళో ఉండడు. ఇంకో రెండు నెలలైనా పడుతుంది. అంతవరకు ముందు పళ్ళు ఎవరు చేస్తారు, నువ్వు చేస్తావా?

తప్పు ఆ యాప్‌ది. యంత్రాన్ని నమ్మితే ఇలాగే ఉంటుంది. 'బాగుంది' అని మూడక్షరాలు మెచ్చుకుంటే ఆ పని ఆ పిల్ల కళ్ళ ముందు నుంచి మాయమైపోతుందని నాకేం కలొచ్చిందా?

ముందు ఆ అమ్మాయిని ఉండమని చెప్పు. నేను చెప్పానని చెప్పకు.

అక్క


ల్యాబ్, ఆఫీసు గది
ఆగస్టు

అక్కా,

గుమ్మడికాయల దొంగ అంటే నువ్వు భుజాలు తడుముకున్నావు. మాయమైన వాటి కింద నీ 'బాగుంది' ఉందని నేను రాయలేదు. నాకు తెలిస్తే కదా రాయడానికి. నీ ఉత్తరం చదివాకే నీ మాట ఉన్నవి వచ్చి పడే చోటు తెరిచాను.

అన్నీ అక్కడే ఉన్నాయి. అన్నిటి కిందా 'బాగుంది'. అన్నీ ముందు పళ్ళే, అన్నీ కొత్తమ్మాయివే. మైనం అతని పని ఒక్కటి కూడా నీకు బాగున్నట్టు లేదు. ఇంకా మొదలే పెట్టని పన్ను ఏం బాగుందక్కా? టీచరమ్మ టాస్క్‌లో డాక్టరు పంపిన ఖాళీ పంటి ఫొటో తప్ప ఏమీ లేదు. దాని కింద కూడా బాగుంది అని రాశావు.

నాలుగు రోజులు నీ మీద పళ్ళు నూరాను. తర్వాత ఒక ప్రశ్న వచ్చి నా మెడ పట్టుకుంది. రోజూ సాయంత్రం తెరుస్తానన్న నేను ఎందుకు తెరవలేదు? మొదటి రెండు రోజులే తెరిచాను. ఆ తర్వాత మరిచిపోలేదు, తెరవలేదు. నీ దగ్గర దాచి ఏం లాభం? కడుపుమంట నీ ఒక్కదాని సొత్తనుకోకు. ఇన్నేళ్ళూ ఫోన్ ఎత్తేది నేను, అవతలి నుంచి ఎవరైనా అనేది 'పెద్ద మేడమ్ ఉన్నారా' అని. డాక్టర్లతో తిట్లు నేను తినేదాన్ని, మెప్పు నీకు చేరేది. నువ్వు పడిపోయిన రోజు ఆసుపత్రిలో నీ మంచం పక్కన ఏడ్చాను, నిజమే. మర్నాడు ల్యాబ్ తాళం తీస్తుంటే, ఇవాళ నా ఇష్టం అనిపించింది. అదీ నిజమే. నీ మాటలు ఒక మూలకి చేరి, నేను తెరిస్తే తప్ప ఎవరికీ వినపడవంటే నాకు ఎంత హాయిగా ఉండేదో నీకు తెలియదు.

మన ఇద్దరి కుళ్ళు మధ్య ఆ పిల్ల నలిగింది. తన బ్రష్‌లు కడిగి ఆరబెట్టుకుంటోంది. పై రోడ్డు ల్యాబ్ వాళ్ళు పిలిచారట. ఉండమ్మా అనడానికి నాకు నోరు రావడం లేదు. ఎందుకు ఉండమంటున్నారు మేడమ్, పనులు ఎలా మాయమయ్యాయి అని అడిగితే ఏం చెప్పను? మా అక్క చేసింది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను అని చెప్పనా?

నువ్వు చెప్పు ఏం చేయాలో. ఈసారి తెరిచి చదువుతాను.

చెల్లి


మా అమ్మాయి ఇల్లు
ఆగస్టు చివర

చెల్లీ,

టికెట్ తీసుకున్నాను. శనివారం పొద్దున దిగుతాను. ఆ పిల్లని అప్పటిదాకా ఆపు. ఎలా ఆపుతావో నాకు తెలియదు, కాళ్ళు పట్టుకుంటావో ట్రేలు దాస్తావో. చెప్పాల్సింది నేను చెబుతాను. నీ గదిలో తలుపేసి కాదు, నువ్వు కడిగేసిన చోటే, అందరి ముందే. నువ్వు తెరవలేదన్న సంగతి నేను ఎత్తను. చెప్పాలనిపిస్తే నువ్వే చెప్పుకో.

నువ్వు తెరవడం లేదని నాకు మొదటి వారంలోనే తెలిసింది. మొదటి రెండు రోజులూ నా కామెంట్ల కింద వచ్చిన నీ జవాబు తర్వాత రాలేదు. నా మాటలు ఎవరూ చూడని చోట పడి ఉన్నాయని తెలిసి రెండు రోజులు యాప్ తెరవలేదు. మూడో రోజు డాక్టరు మెచ్చుకున్న ఆ పంటి ఫొటో చూశాను. పని ఆపడానికి ఇక ఒక్క మాట చాలని అర్థమైంది. తిట్టు రాస్తే నీకు అనుమానం వస్తుందని మెప్పు రాశాను. ఇంత తెలివి ఏ మంచి పనికీ ఎప్పుడూ వాడలేదు.

నువ్వు అడిగావు చేయి ఎలా ఉందని, బాగానే ఉందని అబద్ధం రాశాను. ఇది రాయడానికి నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టాను. పోయిన నెలే ఫిజియో అమ్మాయి చెప్పేసింది, పెన్ను పడతారు, గరిటె పడతారు, బ్రష్ మాత్రం కష్టమండీ అని. ఇంట్లో ఒక సన్న బ్రష్ తడిపి కాగితం మీద గీత గీసి చూశాను. వంకరపోయింది. ఇంకా చూశాను, ఇంకా పోయింది. మా అమ్మాయికి కూడా చెప్పలేదు. నేను కూర్చోలేని కుర్చీలోంచి ఆ పిల్లని లేపడానికే నేను ఇంత చేసింది. నువ్వు కుర్చీ తుడిపించి పెడతానని రాసినప్పుడు నాకు ఎలా ఉందో నీకెలా చెప్పను?

కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. షేడ్ ఇప్పటికీ చెప్పగలను. క్లినిక్‌కి వెళ్ళి, మనిషి ఎదురుగా కూర్చుని, ఏ పన్ను ఏ రంగో చూసి రాసి పంపగలను. మొదట ఆ టీచరమ్మ దగ్గరికే వెళతాను. పిల్ల ఉంటానంటేనే ఇదంతా. ఉండనంటే దాని తప్పేమీ లేదు, పై రోడ్డు ల్యాబ్‌కి నేనే ఫోన్ చేసి దాని చేతి గురించి చెబుతాను.

ఉంటానంటే ఇంకొక ఫిల్టర్ పెట్టమను. నేను రాసిన షేడ్ నేరుగా బెంచీ మీదికి రాకూడదు. ముందు తన దగ్గరికి వెళ్ళాలి. తను చూసి, సరే అంటేనే ముందుకి కదలాలి, కాదంటే నాకే తిరిగి రావాలి. నీ దగ్గరికి కూడా కాదు, తన దగ్గరికే. నేను ల్యాబ్‌లో ఉండాలంటే ఆ షరతు ఉండాల్సిందే, లేకపోతే నా సంగతి నాకు తెలుసు, మళ్ళీ ఏదో ఒకటి చేస్తాను.

ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది. అక్క మనసు మారింది, మంచితనం వచ్చిందని మురిసిపోయేవు. కాదే. కుళ్ళుతోనే ఏడుస్తున్నాను. అయినా పెట్టమను.

అక్క